ఇకీతోస్ వెళ్లొచ్చాం: రోడ్డు లేని ఊరికి లాంచీలో ప్రయాణం (వెళ్లాలనుకునేవాళ్లు అడగండి, చెప్తాను)

గోదారిగట్టు (రాజమండ్రి, ఇప్పుడు ఆస్టిన్)

అందరికీ నమస్కారం. పోయిన నెలాఖరులో నేనూ మా ఆయనా పెరూలో ఇకీతోస్ వెళ్లొచ్చాం, మొత్తం పన్నెండు రోజులు. మ్యాపు చూసి మనవాళ్లు ఇక్విటోస్ అంటారు గానీ అక్కడ ఎవరి నోటైనా ఇకీతోసే. నాలుగు లక్షలకు పైగా జనం, యూనివర్సిటీ, ఆస్పత్రులు, ట్రాఫిక్ జామ్‌లు అన్నీ ఉన్న ఊరు, కానీ బయటి ప్రపంచం నుంచి రోడ్డు లేదు. ఉన్న ఒక్క హైవే దక్షిణాన నవుతా అనే చిన్న ఊరి దాకా, వంద కిలోమీటర్ల లోపే, వెళ్లి నది ఒడ్డున ఆగిపోతుంది. సిమెంటు బస్తా దగ్గర్నుంచి ఆటోల దాకా ఏది రావాలన్నా నదిమీదే రావాలి, లేదంటే విమానంలో.

ఈ పోస్టు పెట్టడానికి ఒకటే కారణం. వెళ్లే ముందు నేను తెలుగులో వెతికితే దొరికినవాళ్లంతా లీమా నుంచి రెండు గంటల్లో ఎగిరి దిగి, ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా అడవిలో లాడ్జికి పోయి, మూడు రాత్రులుండి, తిరిగి ఎగిరినవాళ్లే. ఊరిని దాటేసి వచ్చేస్తున్నారు. నన్నడిగితే చూడాల్సింది ఊరే, అది కూడా నది మీంచి వెళ్తేనే ఆ ఊరు అక్కడ ఎందుకుందో అర్థమవుతుంది.

మేం లీమా నుంచి తరపోతో దాకా విమానంలో వెళ్లి, అక్కడ కారెక్కి కొండలు దిగుకుంటూ రెండున్నర గంటల్లో యూరిమాగ్వాస్ రేవు చేరాం. అక్కడ ఈ పెద్ద పడవల్ని లాంచా అంటారు. గోదారి ఒడ్డున పుట్టి లాంచీ అనే మాట వింటూ పెరిగినదాన్ని, భూమికి అవతలి పక్క రేవులో నిలబడితే కూలీలు "లాంచా, లాంచా" అని అరుస్తుంటే ఒళ్లు జలదరించింది. కింద అంతస్తులో సరుకు: అరటి గెలలు, కోళ్ల బుట్టలు, బీరు పెట్టెలు, ఒక పక్క రెండు దూడలు. పై అంతస్తులో జనం, ఇనుప కమ్ములకు ఎవరి ఊయల వాళ్లు కట్టుకుంటారు. ముందు భాగంలో ఒక పలక వేలాడుతుంది, బయల్దేరే రోజూ గంటా సుద్దతో రాస్తారు. సరుకు నిండకపోతే ఆ అంకె చెరిపి ఇంకో అంకె రాస్తారు. మాది ఒక రోజు ఆలస్యమైంది, ఆ రాత్రి పడవలోనే పడుకోనిచ్చారు, దానికి డబ్బులడగలేదు.

ఊయల సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మూడు రాత్రులు నిద్ర దానిమీదే ఆధారపడి ఉంటుంది. రేవు పక్క అంగళ్లలో గుడ్డ ఊయల దొరుకుతుంది, తాళ్లు వేరేగా కొనాలి. ఇంజనుకూ మరుగుదొడ్లకూ దూరంగా, ముందు వైపు కట్టుకోవాలి, నెత్తిమీద లైటు లేకుండా చూసుకోవాలి. నేను కట్టిన ముడి చూసి పక్క ఊయల్లో ఉన్న పెద్దావిడ ఏమీ మాట్లాడకుండా లేచి వచ్చి, మొత్తం విప్పేసి, తాడు కమ్మికి రెండు చుట్లు తిప్పి, కొసను చుట్ల కిందనుంచి దూర్చి ఒక్క గుంజు గుంజింది. తర్వాత నన్ను అడ్డంగా, ఐమూలగా పడుకోమని చేత్తో చూపించింది. నిలువుగా పడుకుంటే నడుం విల్లులా వంగిపోతుంది, ఐమూలగా పడుకుంటే వీపు చదునుగా ఉంటుంది. ఆవిడకు తెలుగు రాదు, నాకు స్పానిష్ అంతంతమాత్రం, కానీ మూడు రోజులూ అమ్మలా చూసుకుంది.

గంట కొడితే భోజనం, పళ్లెం గిన్నె మనమే తీసుకెళ్లాలి. దారిలో ప్రతి పల్లె దగ్గరా పడవ ముక్కును బురద గట్టుకు ఆనించి ఒక చెక్క వేస్తారు, ఆడవాళ్లు తట్టలతో ఎక్కి పదినిమిషాల్లో అమ్ముకుని దిగిపోతారు. రాత్రిపూట సెర్చిలైటు వేసి కొట్టుకొచ్చే దుంగలు చూసుకుంటూ నడుపుతారు. నవుతాకు కాస్త దిగువన మరన్యోన్, ఉకయాలి నదులు కలుస్తాయి, పెరూవాళ్ల లెక్కలో అమెజాన్ అనే పేరు అక్కడి నుంచే. తెల్లవారుజామున అక్కడికి చేరాం. అవతలి ఒడ్డు గీతలా కనిపిస్తుంది, అంతే. అంతర్వేది దగ్గర కూడా నేనంత నీళ్లు చూడలేదు.

ఇక మీరు అడగండి.

ప్రసాద్_డల్లాస్

చాలా బాగా రాశారండీ. నాకు నిజంగా కావాల్సిన పోస్టు. అమ్మా నాన్నా సెప్టెంబరు దాకా మా దగ్గరే ఉంటారు. మచుపిచ్చు ఎత్తు అమ్మకు పడదు అని డాక్టరు వద్దన్నారు, అందుకే అడవి వైపు ఆలోచిస్తున్నాం. అమ్మకు 64, గుడ్డు కూడా ముట్టదు. మూడు ప్రశ్నలు: వీసా కావాలా, అమ్మ ఏం తింటుంది, ఇంజెక్షన్లు ఏం వేయించాలి? టెన్షన్ అంతా మూడోదాని గురించే.

గోదారిగట్టు

ప్రసాద్ గారూ, వీసా సులువే. ఇండియన్ పాస్‌పోర్టు మీద ఆరు నెలలకు తగ్గకుండా గడువున్న అమెరికా వీసా ఉంటే పెరూకి విడిగా వీసా అక్కర్లేదు. మీ అమ్మగారి వీసా గడువు తేదీ ఒకసారి చూడండి. వెళ్లేముందు కాన్సులేటు సైటు కూడా చూసుకోండి.

తిండి విషయం. "మాంసం లేకుండా" అంటే చికెన్ వేసి ఇస్తారు, అక్కడ చికెన్ మాంసం లెక్కలోకి రాదు. మాంసం వద్దు, కోడి వద్దు, చేప వద్దు, గుడ్డు వద్దు అని నాలుగూ విడివిడిగా చెప్పాలి. అన్నం, చిక్కుడు గింజల కూర, వేయించిన అరటికాయ, ఉడికించిన కర్రపెండలం ఎక్కడైనా దొరుకుతాయి. చోంతా అని తాటిజాతి చెట్టు మొవ్వును రిబ్బన్లలా చీల్చి నిమ్మరసం పిండి ఇస్తారు, అమ్మగారికి నచ్చుతుంది. పళ్లయితే చెప్పక్కర్లేదు.

అన్నిటికన్నా ముఖ్యం కొకోనా పచ్చడి. వాళ్లు పచ్చడి అనరు, నేనంటున్నాను. కొకోనా అంటే టమాటాకు చుట్టం లాంటి పుల్లటి పండు. దాన్ని సన్నగా తరిగి, ఉల్లిపాయ, కొత్తిమీర, ఉప్పు, చరపీతా అనే మిరపకాయలు వేస్తారు. ఆ మిరపకాయ బఠాణీ గింజ కన్నా చిన్నది, గుండ్రంగా పసుపురంగులో ముత్యంలా ఉంటుంది. ఒక్కటి పంటి కింద నలిగితే చెవుల్లోంచి ఆవిరి వస్తుంది, ఆ వెనకే మంచి వాసన. బల్లమీద గిన్నెలో ఊరికే పెడతారు. వేడన్నంలో కలుపుకుని తిన్నాం, మా ఆయన రెండు పూటలు ఇంకేమీ అడగలేదు.

ఇంజెక్షన్ల గురించి నేను చెప్పకూడదు, డాక్టర్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

సాగరతీరం_డాక్టర్ (విశాఖ)

నేను చెప్తాను. ఎల్లో ఫీవర్ టీకా ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది, 2016 నుంచి అదే నియమం. కానీ టీకా వేశాక ఇచ్చే పసుపు కార్డుకు, వేయించుకున్న పదో రోజు నుంచే విలువ. ఇండియాలో మాత్రం చాలా కచ్చితంగా చూస్తారు: పెరూ, బ్రెజిల్ లాంటి దేశాల నుంచి బయల్దేరిన ఆరు రోజుల లోపు కార్డు లేకుండా మన దేశంలో దిగితే క్వారంటైన్‌లో పెడతారు. మా బంధువు ఒకాయన ప్రయాణానికి నాలుగు రోజుల ముందు హడావుడిగా వేయించుకుని, పనయ్యాక మూడో రోజే తిరిగొచ్చాడు. పది రోజులు నిండలేదని ఎయిర్‌పోర్టులోనే ఆపేశారు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, ముందే రోజు కనుక్కుని వెళ్లండి.

ప్రసాద్ గారూ, మీ అమ్మగారి విషయంలో జాగ్రత్త. అరవై దాటినవాళ్లకు మొదటిసారి ఈ టీకా వేస్తే తీవ్రమైన దుష్ప్రభావాల అవకాశం మామూలు వాళ్లకన్నా ఎక్కువ. గుడ్డు తింటారా లేదా అన్నది వేరు, గుడ్డు ఎలర్జీ ఉందా అన్నది మాత్రం కచ్చితంగా డాక్టరుకు చెప్పాలి, టీకా కోడిగుడ్డు పిండంలోనే తయారవుతుంది. అది తెలిశాక వేయించుకోవాలా వద్దా అన్నది అమ్మగారే నిర్ణయించుకోవాలి. ట్రావెల్ క్లినిక్‌లో ఆవిడ మందుల చిట్టా అంతా చూపించండి. ఫోన్లో అడిగి తేల్చుకునే విషయం కాదు. పెరూలో మలేరియా కేసుల్లో ఎక్కువ భాగం లొరేతో ప్రాంతానివే, ఇకీతోస్ దానికే ముఖ్యపట్టణం. డెంగీ దోమ పగలు కుడుతుంది, మలేరియా దోమ రాత్రి. ఫుల్ చేతుల చొక్కా, దోమతెర, మాత్రలు మూడూ కావాలి.

ఇంకొకటి, ఎవరూ అడగకముందే చెప్తున్నాను. ఆ ఊళ్లో అయవాస్కా అనే మత్తు కషాయం తాగిస్తామని వీధి వీధినా బోర్డులుంటాయి. డిప్రెషన్ మాత్రలు వాడేవాళ్లు దాని జోలికి పోతే ప్రాణం మీదికి వస్తుంది. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లూ అంతే.

మెట్టరైతు (పెద్దాపురం)

కర్రపెండలం పేరు కనిపించింది కాబట్టి వచ్చాను. మా తాత నాటి నుంచి వేస్తున్నాం, సామర్లకోట సగ్గుబియ్యం మిల్లులకు పోతుంది. దాని పుట్టిల్లు ఆ దక్షిణ అమెరికా అని తెలుసు గానీ అక్కడివాళ్లు ఎలా తింటారో ఎప్పుడూ తెలియలేదు. కొంచెం చెప్పండమ్మా.

గోదారిగట్టు

బాబాయ్ గారూ, ఉడకబెట్టి తింటారు, వేయిస్తారు, తురిమి పిండి చేసి పెనంమీద రవ్వలా వేయించి డబ్బాల్లో పోసుకుంటారు. ఆ రవ్వను ఫరీన్యా అంటారు. పళ్లకింద రాళ్లలా ఉంటుంది, పులుసులో వేస్తే మెత్తబడుతుంది, నెలల తరబడి నిలవుంటుంది. మసాతో అని ఇంకొకటి. ఉడికిన దుంపను ఆడవాళ్లు నమిలి కుండలో ఉమ్మి పులియబెడతారు, లాలాజలంతో పిండి తియ్యబడి పులుస్తుంది. పల్లెలో ఇంటికి వెళ్తే ముందు అది ఇస్తారు, అది మర్యాద. నేను తాగాను. పల్చటి మజ్జిగలా పుల్లగా ఉంది.

మీకు ఇంకో సంగతి చెప్పాలి. నీళ్లు తీశాక బయటపడే బురద గట్లమీద దుక్కి లేకుండా వరి చల్లుతారు, ఇసుక మేటల మీద పుచ్చకాయ, చిక్కుడు వేస్తారు. ఒండ్రే ఎరువు. మళ్లీ నీళ్లొచ్చేలోపు కోసుకోవాలి. అచ్చం మన లంక భూములే.

మెట్టరైతు

మా లంకల్లోనూ అంతే. వరద ఏ ఏడు ఒక వారం ముందొచ్చినా చేతికొచ్చింది పోతుంది. వాళ్లకు పంట నష్టం ఇచ్చేవాళ్లు ఉన్నారో లేదో పాపం.

పాతకాగితం

ఊరి గురించి ఇంత రాశారు, మలెకోన్ గట్టు వీధిలో రంగు పలకల మేడల గురించి ఒక్క మాటా లేదేమిటండీ? ఆ పలకలు పోర్చుగల్ నుంచి ఓడల్లో వచ్చినవి. ఆ డబ్బు ఎక్కడిదో తెలియకుండా వాటి ముందు ఫోటోలు దిగితే తప్పనిపిస్తుంది నాకు.

1864లో పెరూ ప్రభుత్వం అక్కడ నౌకాదళ కార్ఖానా పెట్టి రేవు చేసేదాకా అదొక చిన్న పల్లె. 1880ల నుంచి రబ్బరు. సముద్రం నుంచి 3,600 కిలోమీటర్లు లోపల ఉన్నా ఊరి ఎత్తు సుమారు 100 మీటర్లే, అంటే కిలోమీటరుకు మూడు సెంటీమీటర్ల వాలు కూడా లేదు. అందుకే అట్లాంటిక్ దాటొచ్చిన స్టీమర్లు నేరుగా ఊరి ముందుకొచ్చేవి. లివర్‌పూల్ నుంచి ఇకీతోస్‌కు ఓడలు నడిచాయి. లీమా చేరాలంటే ఆండీస్ కొండలు దాటాలి, యూరప్ వెళ్లడమే తేలిక.

ఆ రబ్బరు పాలు తీసింది మాత్రం హువితోతో, బోరా, ఆందోకే లాంటి తెగలవాళ్లు. హూలియో సెసార్ అరానా అనే వ్యాపారి పుతుమాయో నది ప్రాంతంలో వాళ్లను బానిసల్లా చేసి, కొరడాలతో, ఆకలితో, తుపాకులతో పని చేయించాడు. వేలమంది పోయారు. అతని కంపెనీ 1907లో లండన్‌లో రిజిస్టరైంది. అదే 1907లో అదే ఇకీతోస్‌లో బెంహమీన్ సల్దాన్యా రోకా అనే పత్రికాయన చిన్న పత్రికలు పెట్టి ఈ ఘోరాలన్నీ సాక్షుల మాటలతో సహా అచ్చేశాడు, ఊరు వదిలి పారిపోవాల్సొచ్చింది. 1910లో బ్రిటిష్ కాన్సుల్ రోజర్ కేస్‌మెంట్ వెళ్లి విచారించాడు, నివేదిక 1912లో బయటికొచ్చింది. అరానాకు శిక్ష పడలేదు, తర్వాత లొరేతో తరఫున సెనేటర్ కూడా అయ్యాడు.

రబ్బరు పడిపోయింది ఈ పాపం వల్ల కాదు. 1876లో హెన్రీ వికమ్ బ్రెజిల్ నుంచి 70,000 రబ్బరు విత్తనాలు లండన్ క్యూ తోటకు తీసుకుపోయాడు. మొలిచిన మొక్కలు సిలోన్‌కూ మలయాకూ చేరాయి. 1912 తర్వాత ఆసియా తోటల చౌక రబ్బరు ముందు అమెజాన్ రబ్బరు నిలవలేదు. కేరళ రబ్బరు చెట్లూ ఆ వంశమే.

రైలుబండి_రాజు

ఆ ఊళ్లో ఐఫెల్ కట్టిన ఇనుప ఇల్లు ఉందిగా, అది చూశారా?

పాతకాగితం

ఉంది, ప్రధాన కూడలిలో ఒక మూల. 1889 పారిస్ ప్రదర్శనలో పెట్టింది విప్పి రేకులు రేకులుగా ఓడలో తెచ్చారని చెప్పుకుంటారు. ఐఫెల్ పేరు మాత్రం గైడ్లు చెప్పినంత గట్టిది కాదు, దానికి సరైన ఆధారం లేదని చరిత్ర రాసినవాళ్లు చాలామంది అంటారు.

గోదారిగట్టు

పాతకాగితం గారూ, మీరు రాసినది నేను వెళ్లకముందు చదివి ఉంటే బాగుండేది. ఆ మేడల ముందు మేమూ ఫోటోలు దిగాం. సల్దాన్యా రోకా పేరు నేను వినడం ఇప్పుడే. ఇనుప ఇంటి రేకుమీద మధ్యాహ్నం చెయ్యి పెట్టాను, కాలింది. అందులో జనం ఎలా ఉన్నారో.

అందరికీ ఒక హెచ్చరిక కూడా. లీమాలో ఒక ఏజెన్సీ దగ్గర ఒక రోజు టూరు కొన్నాం, "జంతు సంరక్షణ కేంద్రం" అని చెప్పారు. తీరా వెళ్తే స్లాత్ (చెట్లమీద నెమ్మదిగా కదిలే జంతువు) పిల్లకు నడుముకి తాడు, దాన్ని ఎత్తుకుని ఫోటోకు ఇంత అని రేటు. ఆ పిల్ల తల్లిని చంపితే గానీ పిల్ల దొరకదు. మేం వెనక్కి వచ్చేశాం, డబ్బులు తిరిగివ్వలేదు. ఎవరైనా ఎత్తుకోమని చేతికిస్తే అది సంరక్షణ కాదని తెలుసుకోండి. నిజమైనది చూడాలంటే నవుతా రోడ్డు మీద మానటీల (నీటి ఆవుల) కేంద్రం ఉంది. వేటగాళ్ల దగ్గర దొరికిన పిల్లలకు సీసాతో పాలు పట్టి పెంచి, నదిలో వదిలేస్తారు. ఊళ్లో నది ఒడ్డున బెలెన్ అనే పేట ఉంది, అక్కడి బజారులో తాబేలు మాంసం, మొసలి మాంసం అమ్ముతారు, కొనకండి, రుచి కూడా చూడకండి.

భద్రాద్రి_గట్టు

అక్కా, వరద సంగతి అడగాలి. మా భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6, మొన్న 2022 జులైలో 71.3 చూశాం. రాత్రికి రాత్రే వస్తుంది, వారంలో పోతుంది, కానీ ఇల్లంతా బురద. అక్కడ ఎంత వస్తుంది?

గోదారిగట్టు

తమ్ముడూ, అక్కడ ఏటా సుమారు పది మీటర్లు లేస్తుంది, అంటే ముప్పై అడుగుల పైన, కానీ రాత్రికి రాత్రి కాదు. ఆండీస్‌లో నవంబరు నుంచి వానలు మొదలైతే నెమ్మదిగా పెరుగుతూ ఏప్రిల్, మే నెలల్లో నిండు, ఆ తర్వాత దిగుతూ సెప్టెంబరుకు అడుగు. వరద అనరు, నిండు కాలం, లోటు కాలం అంటారు, మనం ఎండాకాలం వానాకాలం అన్నట్టు. కొన్నేళ్లు హద్దు దాటుతుంది, అప్పుడు వాళ్లకూ కష్టమే.

ప్రసాద్ గారూ, ఇది మీకు కూడా. మీరు ఆగస్టులో వెళ్తే నీళ్లు తక్కువ, నడిచే దారులు ఎక్కువ, దోమలు కొంచెం నయం. ఏప్రిల్‌లో వెళ్తే చెట్ల కొమ్మల మధ్య పడవలో తిరగొచ్చు.

మనౌస్_లో_మూడేళ్లు

నేను బ్రెజిల్ వైపు మనౌస్‌లో మోటార్‌సైకిల్ ఫ్యాక్టరీలో మూడేళ్లు పనిచేశాను. దిగువకు వెళ్లేకొద్దీ ఈ లెక్క జరుగుతుంది. మనౌస్‌లో జూన్‌లో నిండు, అక్టోబరు నవంబరులో అడుగు. అక్కడ రేవులో ఏటా కొలత వేస్తారు. 2021 జూన్‌లో 30.02 మీటర్లు, కొలతలు మొదలుపెట్టాక అంత ఎప్పుడూ లేదు. రెండున్నరేళ్లు తిరక్కుండానే 2023 అక్టోబరులో 12.70కి పడిపోయింది, 2024లో ఇంకా కిందికి. అప్పుడు ఉపనదుల్లో పడవలు నేలమీద పడున్నాయి, పల్లెలకు మంచినీళ్లు లేవు. నది పక్కనే ఉండి దాహంతో ఉన్నారు. అది చూశాక నేను నీళ్ల కుళాయి ఊరికే వదలలేదు మళ్లీ.

ఇకీతోస్ నుంచి దిగువకు వెళ్లాలనుకునేవాళ్లకు: స్పీడ్ బోటులో ఒక పగలంతా ప్రయాణం చేస్తే మూడు దేశాలు కలిసే చోటు వస్తుంది. పెరూ వైపు సాంతా రోసా, కొలంబియా లెతీసియా, బ్రెజిల్ తబతింగా. ఊళ్ల మధ్య ఊరికే తిరగొచ్చు, కానీ ముందుకు పోవాలంటే స్టాంపు తప్పదు, మనకు బ్రెజిల్ వీసా ముందే ఉండాలి. తబతింగా నుంచి మనౌస్‌కు పెద్ద పడవలో మూడు నాలుగు రోజులు.

లైఫ్ జాకెట్ గురించి ఎవరూ రాయలేదు. 2019లో కచ్చులూరు దగ్గర ఏం జరిగిందో మనందరికీ గుర్తుంది. ఎక్కగానే జాకెట్లు ఎక్కడున్నాయో చూడండి, పెకె-పెకె లాంటి చిన్న పడవల్లో అడిగి మరీ తొడుక్కోండి. సిగ్గుపడొద్దు.

కరీంనగర్_గీత

అగ్వాహె అనే పండు గురించి విన్న. తాటిజాతి చెట్టట గదా. మాది గీత వృత్తి కుటుంబం, అందుకే అడుగుతున్న. చెట్టు ఎక్కి తెంపుతరా?

గోదారిగట్టు

మీరే అడగాలి ఈ ప్రశ్న. పండు పైన పాము చర్మంలా ఎర్రటి పొలుసులు, లోపల నారింజ రంగు గుజ్జు పల్చగా, మిగతాదంతా గింజ. రోడ్డు పక్కన ఆడవాళ్లు గంపల్లో పెట్టి గోటితో పొలుసులు ఒలిచి అమ్ముతుంటారు, ఐస్‌లూ షర్బతులూ చేస్తారు. కానీ చెట్టు నిటారుగా చాలా ఎత్తు పెరుగుతుంది, అందుకని ఎన్నో ఏళ్లుగా చెట్టునే నరికి పండ్లు కోస్తున్నారు. కాసేది ఆడచెట్టే, దాన్నే నరుకుతారు. ఊరి దగ్గర చిత్తడి అడవుల్లో మగచెట్లే మిగిలిపోయాయట. ఇప్పుడిప్పుడే కొన్ని పల్లెల్లో నడుముకు బెల్టు, కాళ్లకు పట్టీలు కట్టుకుని ఎక్కడం నేర్పిస్తున్నారు. నాకు మన మోకు, ముస్తాదు గుర్తొచ్చాయి.

కరీంనగర్_గీత

చెట్టును నరికి పండు తినుడేందమ్మా, మా నాయన వింటే కండ్లల్ల నీళ్లు పెట్టుకుంటడు. ఎక్కుడు నేర్పిస్తున్నరంటే సంతోషం.

ముంపుఊరు (దేవీపట్నం మండలం, ఇప్పుడు కాలనీ)

చాలాసేపటి నుంచి చదువుతున్నాను. బెలెన్ గురించి వీడియోల్లో చూశాను, నీళ్లమీద ఇళ్లు. వాటిని "అమెజాన్ వెనిస్" అని పేరు పెట్టి చూపిస్తారు. అక్కడి జనాన్ని ఖాళీ చేయించారని ఎక్కడో చదివాను. నిజమేనా? మా ఊరు నీళ్లలోకి పోయింది, అందుకని అడుగుతున్నాను.

గోదారిగట్టు

నిజమేనండీ, కొంతమందిని. పెద్ద వరదల తర్వాత ప్రభుత్వం నవుతా రోడ్డు మీద పన్నెండు పదమూడు కిలోమీటర్ల దూరంలో కొత్త బెలెన్ అని సిమెంటు ఇళ్లు కట్టింది. కొందరు వెళ్లారు. చాలామంది తిరిగొచ్చేశారు. చేపలు పట్టేవాడికీ, తెల్లవారుజామున రేవులో అరటి గెలలు మోసేవాడికీ, బజారులో అమ్ముకునే ఆవిడకూ ఆ దూరం నుంచి ఆటో కిరాయి పెట్టుకుని వస్తే ఏం మిగులుతుంది?

కింది బెలెన్‌లో రెండు రకాల ఇళ్లున్నాయి. ఒకటి పొడుగు గుంజల మీద కట్టినవి, ఇంకొకటి తోపా అనే తేలిక కర్ర దుంగల మీద తేలేవి. తేలేవాటిని గుంజలకు తాళ్లతో కడతారు, నీళ్లతోపాటు ఇల్లు లేస్తుంది, దిగుతుంది. దుంగలు కుళ్లిపోతే మార్చుకోవాలి. మురుగంతా ఆ నీళ్లలోకే పోతుంది, పిల్లలు ఆ నీళ్లలోనే ఆడతారు, అది కూడా చూశాను, దాచను. వెనిస్ అనే పేరు పెట్టినవాళ్లు ఆ వాసన పీల్చి ఉండరు.

నాకు లాంచీలో ఊయల కట్టిన పెద్దావిడ ఇల్లు అక్కడే. ఇకీతోస్‌లో దిగాక మర్నాడు రమ్మని పిలిచింది. గుంజల ఇల్లు, రెండు అంతస్తులు. ఏప్రిల్ కాబట్టి కింది గది నిండా నీళ్లు, పొయ్యి, కోళ్లు, టీవీ అన్నీ పై గదిలో. పడవ కిటికీ దగ్గరే ఆపి ఎక్కాం. ఆవిడ కొత్త కాలనీలో ఏడాదిన్నర ఉండి వచ్చేసిందట. అక్కడ నేల కదలదు, నిద్ర పట్టదు అంది. మొదట నాకు అర్థం కాలేదు, ఆవిడ కూతురు రెండోసారి చెప్తే తెలిసింది.

ముంపుఊరు

నాకు అర్థమైంది. మా అమ్మ కాలనీకి వచ్చి ఇన్నేళ్లైనా పొద్దున్నే లేచి గుమ్మంలో నిలబడి గోదారి ఎటుందో చూస్తుంది. ఇక్కడి నుంచి కనపడదు. ఎటు చూస్తున్నావంటే ఏం లేదంటుంది.

మా ఇంటి గోడమీద నాన్న ప్రతి వరదకూ బొగ్గుతో గీత పెట్టేవాడు, పక్కన ఏడు రాసేవాడు. ఆవిడ ఇంట్లో అలాంటిది ఏమైనా ఉందా? ఫోటో ఉంటే పెట్టండి.

ప్రసాద్_డల్లాస్

ఇది చదివి అమ్మకు వినిపించాను. క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ తీసుకున్నాను, డాక్టరు సరేనంటే ఆగస్టు. లేకపోతే అమ్మ ఇంట్లో ఉంటుంది, నాన్నా నేనూ వెళ్తాం. టీకా వేయించుకున్నా లేకపోయినా తిరిగొచ్చాక ఆరు రోజుల కన్నా ఎక్కువ అమెరికాలోనే ఉంటాం కాబట్టి హైదరాబాద్‌లో ఇబ్బంది ఉండదనుకుంటా. డాక్టరు గారికి ధన్యవాదాలు.

సాగరతీరం_డాక్టర్

ఉండదు. బోర్డింగ్ పాసులు మాత్రం దాచుకోండి, పెరూ ఎప్పుడు వదిలారో చూపించాల్సి రావచ్చు.

గోదారిగట్టు

ప్రసాద్ గారూ, చిల్లర సోల్స్ దగ్గరుంచుకోండి, చిరిగిన డాలరు ఎవరూ తీసుకోరు. మూడు రోజుల పడవ నాన్నగారికి కష్టమనిపిస్తే నవుతాలో దిగిపోయి కారులో రెండు గంటల్లోపు ఊరు చేరొచ్చు.

ముంపుఊరు గారూ, ఉందండీ. మెట్ల పక్క గుంజమీద కత్తితో గాట్లు పెట్టింది, ఏడుకొకటి. ఇల్లు ఫోటో తీయొద్దని ముందే చెప్పింది, వచ్చినవాళ్లంతా తీసుకుపోతున్నారని, అందుకే తీయలేదు. కానీ పడవలో లేచి నిలబడి చెయ్యి పైకెత్తాను. అన్నిటికన్నా పై గాటు నా వేళ్లకు ఇంకా జానెడు పైన ఉంది. అదేం సంవత్సరం అని అడిగితే 2012 అంది, ఆ ఏడు పై గదిలో కూడా మంచాల కింద ఇటుకలు పెట్టుకుని పడుకున్నారట.